వెంగమాంబ టీచరు గారి అంగీకారం

మా ఆవిడ వెంగమాంబ మాఘమాసంలో పోయింది. ఆవిడ పోయినట్లు ప్రభుత్వం ఇచ్చిన కాగితం జ్యేష్ఠమాసంలో పోయింది. మొదటిదాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. రెండోది పోయిన రోజు మంగళవారం. ఆ రోజు మా మండలంలో కాగితరహిత దినోత్సవం.

ఉదయం తొమ్మిదిన్నరకు మండల కేంద్రం నుంచి ఒక ఆటో వచ్చి సజ్జగుంట ప్రాథమిక పాఠశాల ముందు ఆగింది. అందులోంచి ముగ్గురు దిగారు. బడుల్లో కాగితం వాడకం మానాలని వివరించే నాలుగు పేజీల కరపత్రాన్ని పిల్లలకు తలా ఒకటి పంచారు. తరవాత బీరువా తెరిపించి పాత రిజిస్టర్లన్నీ ఆటోలో వేయించారు. ఇక మీదట హాజరు ఫోనులోనే అన్నారు. ఈ రిజిస్టర్లు గుజ్జుగా మారి మళ్లీ కాగితమై పుడతాయని, అందులో కొంత ఇలాంటి కరపత్రాలకే వాడతారని వాళ్లలో పెద్దాయన సంతోషంగా చెప్పాడు. తీసుకున్న రిజిస్టర్ల బరువు ఒక కాగితం మీద రాసి, మూడు ప్రతుల మీద నా చేత సంతకం పెట్టించుకుని వెళ్లారు.

నేను అప్పుడు అయిదో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. లెక్క సగంలో ఉంది. అది పూర్తయ్యాక గుర్తొచ్చింది, మరణ ధ్రువీకరణ పత్రం ఒకటో తరగతి హాజరుపట్టీలో ఉందని. ముఖ్యమైన కాగితాలు హాజరుపట్టీలో దాచడం వెంగమాంబ అలవాటు. ఆవిడ కాగితం కూడా అక్కడే ఉంటే బాగుంటుందని నేనే పెట్టాను.

బయటికి వచ్చి చూస్తే ఆటో లేపిన దుమ్ము కూడా అణిగిపోయింది.

మా బడిలో ఉపాధ్యాయులం ఇద్దరమే. ఒకటి, రెండు తరగతులు ఆవిడవి, పై మూడూ నావి. ఆవిడ పోయాక ఒకటీ రెండూ చదివే పదముగ్గురు నా గదిలోకే వచ్చి వెనక వరసలో కూర్చుంటున్నారు. పెద్దవాళ్లకు చెప్పేదే వాళ్లూ వింటున్నారు. ఒకటో తరగతిలో ఈ జూన్‌లోనే చేరిన అంకమ్మ అనే పిల్లకు తన పేరు రాయడం రాదు గాని, లవం పైన ఉంటుందని, హారం కింద ఉంటుందని తెలుసు. ఏడాదంతా ఇలా గడిస్తే ఈ పదముగ్గురికీ చదువు పునాది లేకుండానే మొదలవుతుంది.

కొత్త టీచరు రావాలంటే ఆవిడ పోస్టు ఖాళీల జాబితాలో చేరాలి. జాబితాను జూలై ముప్ఫై ఒకటిన మూసేస్తారు. అది దాటితే మళ్లీ వచ్చే ఏడాదే. చేరాలంటే మరణ పత్రాన్ని విద్యాశాఖ వారి పోర్టల్‌లో ఎక్కించాలి. ఆ పోర్టల్ మరమ్మతుల కోసం ఫిబ్రవరి నుంచి మూతపడి ఉంది. తెరిచింది సోమవారం సాయంత్రం. కాగితం పోయింది మంగళవారం ఉదయం.

ఈలోగా విద్యాశాఖ దృష్టిలో వెంగమాంబ బడికి రావడం మానేసిన ఉపాధ్యాయిని. బడి తెరిచి ఉన్నన్నాళ్లూ ప్రతి శనివారం ఆవిడ పేరు మీద ఒక మెమో వస్తుంది. "మీరు ఈ వారము ముందస్తు అనుమతి లేకుండా ఆరు దినములు విధులకు గైర్హాజరైనారు. ఇందుకు గల కారణమును మూడు దినములలోగా స్వయముగా తెలుపవలెను" అని ఉంటుంది. మొదటిదానికి కారణం నేను తెలిపాను. స్వయముగా తెలుపలేదని తిప్పి పంపారు.

నకలు కోసం మండల కార్యాలయానికి వెళ్లాను. ఇదివరకు చనిపోయినవాళ్ల వివరం కావాలంటే గుమాస్తా రిజిస్టరు తీసి, వేలు తడిచేసుకుని పేజీలు తిప్పి, వెతికి, రాసి ఇచ్చేవాడు. మధ్యలో ఒకసారి టీ తాగేవాడు. ఈ పద్ధతిలో శాస్త్రీయత లేదని మాన్పించి, దాని స్థానంలో మరణ రికార్డుల అన్వేషణ కేంద్రం పెట్టారు. అందులో ఒక అన్వేషణాధికారి, ఒక కంప్యూటరు, గోప్యత గురించి గోడంత బోర్డు ఉన్నాయి.

అన్వేషణాధికారి ఓంకారం గారు మర్యాదస్తులు. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు.

"ఎవరి రికార్డును అన్వేషింపదలచినారు?"

"నా భార్యదండీ."

"ఆమె అంగీకారం ఉన్నదా?"

ప్రశ్న అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. "దేనికండీ?" అన్నాను.

"ఆమె మరణ వివరాలు మీరు చూచుటకు." ఆయన బోర్డు వైపు తిరిగి చదివారు. "ఏ వ్యక్తి యొక్క సమాచారమునైనను సదరు వ్యక్తి యొక్క స్పష్టమైన, స్వచ్ఛందమైన అంగీకారము లేనిదే ఇతరులకు వెల్లడించరాదు."

"అది బతికున్నవాళ్ల గురించి కదండీ?"

"నిబంధనలో అట్లా లేదు మాస్టారూ. 'ఏ వ్యక్తి' అని ఉంది. జీవించి ఉన్నవారికి గోప్యత ఉండి, మరణించినవారికి లేకపోవడం వివక్ష. మరణించినంత మాత్రాన మనిషి వ్యక్తి కాకుండా పోతారా? మీరు ఉపాధ్యాయులు. మీరే చెప్పండి."

ఆ ఒక్క మాటలో ఆయనతో నాకు పేచీ లేదు.

కంప్యూటరు ముందు మస్తాన్‌బీ కూర్చుని ఉంది. మా ఊరి అమ్మాయే. పదిహేనేళ్ల కింద వెంగమాంబ దగ్గర అక్షరాలు దిద్దింది. ఇప్పుడు ఆ కంప్యూటరు మీద వేళ్లు ఆడేవి ఆ అమ్మాయివే.

"పోయినోళ్ల అంగీకారం యాడ నుంచి తెస్తాడు సార్ ఈయన?" అంది ఓంకారం గారితో.

"సదరు వ్యక్తి ఫోనుకు ఓటీపీ పోవును. ఆ అంకెలు చెప్పిన యెడల అంగీకారము లభించినట్లు."

మస్తాన్‌బీ నా వైపు తిరిగింది. "టీచరమ్మ ఫోను ఉండాదా సార్?"

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. నీలం కవరు, ఒక మూల పగిలిన అద్దం.

"ఛార్జింగు కూడా ఉండాదే!"

"రోజూ పెడతాను. పదిన్నరకు బడిలో అవసరం."

ఎందుకని మస్తాన్‌బీ అడగలేదు. తెర వైపు తిరిగి నంబరు కొట్టింది. బల్ల మీద ఫోను ఒకసారి పలికింది. ఆరు అంకెలు వచ్చాయి. చదివాను. కంప్యూటరు తెర మీద పచ్చరంగులో అక్షరాలు కనిపించాయి: "అంగీకారము స్వీకరించబడినది. ధన్యవాదములు, వెంగమాంబ గారూ."

ఓంకారం గారు లేచి వచ్చారు. కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు.

"ఆగుము మస్తాన్‌బీ. రికార్డు తెరవవద్దు. ఈమె అంగీకారం ఇచ్చినారు."

"అదే గదా సార్ మీరు అడిగింది?"

"అంగీకారం ఇచ్చిన వ్యక్తి మరణించినట్లు ఎట్లా అవుతుంది?"

నేను బల్ల మీది ఫోనును నా వైపు జరుపుకున్నాను.

"ఆ అంకెలు చెప్పింది నేనండీ" అన్నాను.

"మీరా?" ఓంకారం గారి ముఖంలో నిజమైన ఆందోళన కనిపించింది. "ఒకరి ఓటీపీ మరొకరు చెప్పుట నేరం మాస్టారూ. ఆలోచించి చెప్పండి. మీరే చెప్పినారా?"

ముప్ఫై ఏళ్లుగా అబద్ధం చెప్పకూడదని పిల్లల చేత నల్లబల్ల మీద రాయించిన వాణ్ని. "లేదండీ" అన్నాను.

"అయితే ఆమే చెప్పినారు" అన్నారు ఆయన, ఊపిరి పీల్చుకుని. "జీవించి ఉన్న వ్యక్తి పేరిట మరణ రికార్డు ఉండుట ఆ వ్యక్తికి అగౌరవం. దానిని తక్షణమే నిలుపుదల చేయుచున్నాను."

"సార్, ఆయమ్మ పెద్ద దినానికి నేను పోయినా" అంది మస్తాన్‌బీ. "పప్పూ బూరెలూ పెట్టారు. తినొచ్చినా."

"నీవు తిన్నట్లు రికార్డు ఉన్నదా?"

మస్తాన్‌బీ తెర వైపు తిరిగి మీట నొక్కింది. ఆ విధంగా నకలు కోసం వెళ్లిన నేను అసలును కూడా పోగొట్టుకుని వచ్చాను. వెంగమాంబ పేరు మరణాల పట్టికలోంచి సందేహాస్పద మరణాల పట్టికలోకి మారింది. ఆ పట్టికలో ఆవిడే మొదటిది.

ఎక్కువ రోజులు ఒంటరిగా లేదు. చనిపోయినవారి ఫోను ఇంట్లో ఉండి, ఎవరో ఒకరు అంకెలు చదివితే ఆ మనిషి బతికున్నట్లు. ఫోను లేకపోతే అంగీకారం లేదు కనుక రికార్డు చూపరు. చూపని రికార్డును లెక్కలోకి తీసుకోరు. వారం తిరిగేసరికి మా మండలంలో వెతికితే దొరికే మరణం ఒక్కటీ లేకుండా పోయింది. పైకి పంపే నివేదికలో "మరణములు: సున్న" అని ఎక్కింది.

జిల్లా నుంచి అభినందన వచ్చింది. దాని వెనకే దీర్ఘాయుష్షు మీద పరిశోధన చేసే బృందం వచ్చింది. వాళ్లు సజ్జగుంటలో రెండు రోజులు ఉండి, బోరునీళ్లు సీసాల్లో పట్టుకుని, సజ్జసంగటి మూడు పూటలా తిని, ముసలివాళ్ల నాడి చూశారు. మా బడిలో వంట చేసే పోలేరమ్మను పట్టుకుని, "మీ ప్రాంతంలో మరణాలే లేవట, రహస్యం ఏమిటి?" అని అడిగారు.

"సచ్చేవోళ్లు సస్తానే ఉండారయ్యా" అంది పోలేరమ్మ. "రాసుకునేవోళ్లే లేరు."

బృందం ఆ మాటను స్థానికుల హాస్యప్రియత కింద నమోదు చేసుకుంది. హాస్యప్రియత కూడా ఆయుష్షు పెంచుతుందట.

అభినందన వచ్చినా ఓంకారం గారికి మనశ్శాంతి లేదు. అంగీకారం రాక నిలిచిపోయిన అర్జీలు బల్ల మీద పెరిగిపోతున్నాయి. ఆయన మనసు మంచిది. "ప్రజలు కార్యాలయము వద్దకు రాలేనప్పుడు కార్యాలయమే ప్రజల వద్దకు పోవలెను" అన్నారు. ఆ ఆదివారం సజ్జగుంట శ్మశానంలో అంగీకార స్వీకరణ శిబిరం ఏర్పాటు చేశారు.

షామియానా వేశారు. రెండు బల్లలు, ఒక మైకు. ఆడవాళ్లకు వేరే వరుస, మగవాళ్లకు వేరే వరుస ఉండేటట్లు కర్రలు పాతి తాడు కట్టారు. "వరుసక్రమము పాటించవలెను" అని అట్ట రాసి పెట్టారు. ముందురోజు ఊళ్లో చాటింపు కూడా వేయించారు. నేను వెళ్లేసరికి పోలేరమ్మ అప్పటికే ఒక పక్కగా నిలబడి ఉంది. వాళ్ల అత్తగారి పత్రం అవసరమై వచ్చింది.

"అంగీకారము తెలుపదలచినవారు ముందుకు రావలెను" అని ఓంకారం గారు మైకులో పిలిచారు. కాసేపు ఆగి మళ్లీ పిలిచారు. మూడోసారి గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్లుగా పిలిచారు. గాలికి తంగేడు పొదలు కదిలాయి. తాళ్ల మధ్య రెండు వరుసలూ ఖాళీగా ఉన్నాయి.

"మా అత్త బతికుండంగానే నేను చెప్పిన దేనికీ ఒప్పుకోలా" అంది పోలేరమ్మ నాతో. "ఇప్పుడు మైకులో పిలిస్తే లేసొచ్చి ఒప్పుకుంటదా అయ్యోరా?"

"గట్టిగా అనబాక అక్కా" అంది మస్తాన్‌బీ బల్ల దగ్గర నుంచి. "అభ్యంతరం కింద రాసుకుంటారు."

"రాసుకోనీ. ఆమె అభ్యంతరం నాకు కొత్తా?"

సాయంత్రం దాకా కూర్చున్నారు. ఎవరూ రాలేదు. నివేదికలో ఓంకారం గారు "హాజరు: నిండుగా. అభ్యంతరములు: లేవు" అని రాశారు. హాజరు విషయంలో ఆయన రాసింది తప్పు కాదు. మా శ్మశానం నిండుగానే ఉంది. వెంగమాంబకు కూడా అంచునే చోటు దొరికింది.

మర్నాడు ఆయన నాకు కబురు పంపారు.

"మాస్టారూ, నిన్న అందరూ మౌనం వహించినారు. మీ ఆవిడ కూడా. మౌనం అర్ధాంగీకారమని పెద్దల మాట. పూర్ణాంగీకారానికి పూర్ణ నకలు ఇవ్వవచ్చును. కనుక అర్ధాంగీకారానికి..." ఆయన వాక్యం పూర్తి చేయలేదు. మస్తాన్‌బీకి కత్తెర అందించారు.

నాకు పత్రంలో పై సగం ఇచ్చారు. మరణించిన తేదీ, స్థలం, కారణం ఉన్న కింది సగాన్ని కార్యాలయంలో భద్రపరిచారు.

పై సగంలో ఆవిడ పేరు, వాళ్ల నాన్న పేరు, నా పేరు, మా ఊరి పేరు ఉన్నాయి. పోయినట్లు ఎక్కడా లేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ప్రభుత్వ కాగితాలు చాలా అందుకున్నాను. అంత బాగున్నది ఇంకొకటి లేదు. బస్సులో ఇంటికి వచ్చేదాకా దాన్ని చేతిలోనే పట్టుకున్నాను.

ఉన్నది ఎక్కించి చూద్దామని పోర్టల్‌లో పెట్టాను. విద్యాశాఖ వారు చూశారు. ఒక ఉపాధ్యాయిని పేరు, ఊరు, భర్త పేరు స్పష్టంగా ఉన్న కాగితం అందిందని, మరణం గురించి అందులో ఏమీ లేదని, ఆమె ఎందుకు బడికి రావడం లేదో విచారించాలని జ్ఞానప్రసూన గారు అనే అధికారిణిని పంపారు.

ఆవిడ జూలై ఎనిమిదిన పది దాటాక వచ్చారు. ఎండలో నడిచి వచ్చారని పోలేరమ్మ మజ్జిగ ఇచ్చింది. జ్ఞానప్రసూన గారు మజ్జిగ తాగి, ఫారం తీసి, "వెంగమాంబ గారు ఎక్కడ?" అని అడిగారు. నేను జరిగినదంతా మొదటి నుంచి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. నేను ముగించేసరికి పదిన్నర అయింది.

ఇక్కడ ఆ ఫోను సంగతి చెప్పాలి. రెండేళ్ల కింద, పిల్లలు మధ్యమధ్య నీళ్లు తాగేందుకు బడుల్లో గంట కొట్టమని ఆదేశం వచ్చింది. మా బడి గంట పగిలిపోయి ఉంది. కొత్తది అడిగితే వస్తుందన్నారు. వచ్చేదాకా ఎందుకని వెంగమాంబ తన గొంతునే ఫోనులో పట్టి, రోజూ పదిన్నరకు పలికేటట్లు పెట్టుకుంది. గంట ఇంకా రాలేదు. ఫోను మాత్రం సెలవు పెట్టలేదు.

కిటికీలో పెట్టిన ఫోను ఆ సమయానికి పలికింది. "ఒకటీ రెండూ! పుస్తకాలు మూసి నీళ్లు తాగండి. వల్లీ, నీ సీసా మూత గట్టిగా బిగించుకో."

పదముగ్గురూ లేచి నీళ్లు తాగారు. వల్లి ఇప్పుడు మూడో తరగతి. అయినా మూత బిగించుకుంది.

జ్ఞానప్రసూన గారు వెనక వరసకు వెళ్లి వంగారు. "మీకు నీళ్లు తాగమని ఎవరు చెప్పారు?"

"టీచరమ్మ" అంది అంకమ్మ. ఆ పిల్ల చేరేనాటికే వెంగమాంబ లేదు.

"ఏ టీచరమ్మ?"

"వెంగమాంబ టీచరమ్మ."

"రోజూ చెబుతారా?"

"రోజూ చెప్పుద్ది."

"ఎప్పుడైనా ఆలస్యం చేస్తారా?"

అంకమ్మ పక్కకు తిరిగి మిగతావాళ్లను చూసింది. "చెయ్యలా" అన్నారు అందరూ.

అధికారిణి రాసుకోవడం మొదలుపెట్టారు. పోలేరమ్మ వంటగదిలోంచి గరిటెతోనే వచ్చింది.

"ఏందమ్మా నువ్వు రాసేది? ఆయమ్మ పోయి అయిదు నెలలైంది. నేనే నీళ్లు పోసినా. పసుపు రాసి, కోక కట్టినా."

"దానికి మీ దగ్గర రుజువు ఉందా?"

"నా చేతులుండాయి" అంది పోలేరమ్మ. గరిటె కింద పెట్టి రెండు చేతులూ చాపింది.

జ్ఞానప్రసూన గారు ఆ చేతులకేసి కొంతసేపు చూశారు. కలం మూత పెట్టారు, మళ్లీ తీశారు. తరవాత, ఫారంలో చేతులకు గడి లేదని మెల్లగా చెప్పారు.

ఆ వారాంతంలో నివేదిక నకలు నాకు వచ్చింది. "సదరు ఉపాధ్యాయిని స్వరరూపమున విధులు నిర్వర్తించుచున్నారు. ఆదేశములను విద్యార్థులు తక్షణమే పాటించుచున్నారు. సమయపాలన ఆదర్శప్రాయము. ముఖ హాజరు మాత్రము లోపించినది. పోస్టు ఖాళీ లేదు." ఆ శనివారం మెమో రాలేదు. దాని బదులు సమయపాలనకు ప్రశంసాపత్రం వచ్చింది. పాతికేళ్ల సర్వీసులో వెంగమాంబకు అందిన మొదటి ప్రశంస అది. మెమోలతో కలపకుండా విడిగా పెట్టాను.

అదే రోజు మధ్యాహ్నం ఓంకారం గారి దగ్గరికి వెళ్లాను. ఈసారి నకలు అడగలేదు.

"అయ్యా, జాబితా మూయడానికి ఇంక మూడు వారాలు కూడా లేవు. నాకు కావలసింది కాగితం కాదు. పదముగ్గురికి ఒక టీచరు. దానికి ఆవిడ చనిపోయినట్లు మీరు ఒప్పుకోవాలి. ఏం చేస్తే ఒప్పుకుంటారు?"

నేను ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు. ఆయన నొచ్చుకోలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"నేను ఒప్పుకొనక కాదు మాస్టారూ. నిన్ననే మీ కోసమని ఉత్తర్వు తెప్పించినాను. సందేహాస్పద మరణముల నివృత్తి విధానం." ఒక కాగితం తీసి చదివారు. "సదరు వ్యక్తి ఫోనుకు కార్యాలయము నుండి పదిహేను దినములు దినమున కొకసారి పిలుపు పోవును. పదిహేను దినములును ఫోను నిశ్శబ్దముగా ఉన్న యెడల మరణము ధ్రువపడినట్లు భావించబడును."

"ఎత్తకుండా ఉంటే చాలా అండీ?"

"చాలదు. మోగితే మనిషి ఉన్నట్లే. ఎత్తకపోవుట ఆమె ఇష్టం. ఫోను పూర్తిగా ఆగిపోయి ఉండవలెను. పదహారున ప్రారంభించిన యెడల ముప్ఫైతో ముగియును. ముప్ఫై ఒకటి ఉదయం కింది సగం మీ చేతిలో ఉంచెదను. అది నా హామీ." కొంచెం ఆగి, మామూలు మనిషి గొంతుతో అన్నారు. "ఒక్క రోజు మోగినా మొదటికి వస్తుంది మాస్టారూ. ఇంతకంటే నా చేతిలో లేదు."

బయటికి వస్తుంటే మస్తాన్‌బీ వరండాలోకి వచ్చింది.

"పదకొండింటికి చేసేది నేనే సార్. రోజూ." చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "పదిన్నరకు పలికేది టీచరమ్మ గొంతే గదా? మా అన్న కొడుకు సజ్జగుంట బళ్లోనే గదా, చెప్పినాడు. ఆ గొంతు మీ ఫోన్లోకి ఎక్కించి ఇస్తా. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఒకసారి వినిపించి చూపించింది. వల్లి మూత దాకా అంతా వచ్చింది. ఏమీ పోలేదు.

"ఇంకేం ఇబ్బంది లేదు గదా సార్?" అంది.

"లేదమ్మా" అన్నాను. ఆ కార్యాలయంలో అది నా రెండో అబద్ధమని అప్పుడు తెలియలేదు.

ఇవాళ జూలై పదిహేను. ఉదయం పదిన్నరకు రెండు ఫోన్లూ పలికాయి. నాది ఒక్క క్షణం వెనక. ఒకటీ రెండూ చదివేవాళ్లు రెండుసార్లు నీళ్లు తాగారు. వల్లి రెండుసార్లు మూత బిగించుకుంది. మధ్యాహ్నం అంకమ్మ పలక తెచ్చి చూపించింది. 'అ' అక్షరం ఎవరో పెద్దపిల్లలు నేర్పినట్లున్నారు, బాగానే రాసింది. దాని కింద అడ్డగీత గీసి, ఈ గీత కింద ఏం వేయాలని అడిగింది. ఏమీ వేయక్కరలేదని, అక్షరానికి కింద ఏమీ ఉండదని చెప్పాను. నమ్మలేదు.

బడి అయిపోయింది. పిల్లలు వెళ్లిపోయారు. పోలేరమ్మ గిన్నెలు బోర్లించి తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్లింది. రేపు పదకొండింటికి మస్తాన్‌బీ మొదటి పిలుపు చేస్తుంది.

కిటికీలో ఉన్న ఫోనును నేను ఇంకా ఆపలేదు.